తెలుగు తరగతిలో గ్రీకులు, రోమనులు

మన పిల్లలకు జ్యూస్ ఎవరో తెలుసు, పొసైడన్ ఎవరో తెలుసు. పర్సీ జాక్సన్ పుస్తకాలు చదివిన పిల్లవాడు ఒలింపస్ కొండ మీది దేవతల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాడు. అదే పిల్లవాణ్ణి "అమరావతి ఎక్కడుంది నాన్నా?" అని అడిగితే అమ్మ ముఖం వంక చూస్తాడు. ఇందులో వాడి తప్పేమీ లేదు. ఆ కథలు బొమ్మలతో, సినిమాలతో, వాడికి బాగా వచ్చిన ఇంగ్లీషులో ఇంటికే వచ్చేస్తున్నాయి. మన సంగతులు మాత్రం అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడే వాడి చెవిన పడుతున్నాయి.

సింగపూరు బడుల్లో మాతృభాషగా చదువుకోగలిగిన భారతీయ భాషలు తమిళం, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ. తెలుగు లేదు. అంటే లిటిల్ ఇండియాలో మా తరగతికి శనివారం పూట వచ్చే పిల్లలకు ఇక్కడ మార్కులు లేవు, పరీక్ష లేదు. అ, ఆ లు దిద్దే వయసులో ఉత్సాహంగా వస్తారు. పీఎస్ఎల్‌ఈ దగ్గర పడేసరికి ఒక్కొక్కరే మానేస్తారు. ఆ వయసు పిల్లలను ఇంకా "ఏనుగు, ఎలుక" దగ్గరే కూర్చోబెడితే మానక ఏం చేస్తారు? వాళ్ళ బుర్రకు పని చెప్పే పాఠం తెలుగులో ఉండాలి. అందుకని వాళ్ళు ఇష్టపడే గ్రీకులను, రోమనులను మా పెద్ద తరగతిలోకి పిలిచాము. పాఠమంతా తెలుగులోనే.

మొదట పటం. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో ఒక నావికుల మార్గదర్శిని వచ్చింది. దాని పేరు 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్'. రాసినవారి పేరు తెలియదు. అందులో మన కృష్ణా తీరాన్ని 'మసాలియా' అన్నారు. అక్కడ సన్నని నూలు బట్ట విస్తారంగా నేస్తారని రాశారు. (మసాలియా అనగానే తరగతి మొత్తం "మసాలా!" అని అరుస్తుంది. మసాలా అరబ్బీ నుంచి వచ్చిన వేరే మాట. పేర్లు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టాలు కావని చెప్పడానికి ఇదే మంచి చోటు.)

ఆ తరువాత రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఉన్న టాలెమీ తన భూగోళ గ్రంథంలో ఇదే తీరాన్ని 'మైసోలియా' అన్నాడు. అక్కడి 'కంటకోస్సూల' అనే వర్తక స్థానాన్ని పేర్కొన్నాడు. కృష్ణా జిల్లా ఘంటసాలే అది అని పండితులు గుర్తించారు. ప్రాకృత శాసనాలలో కూడా ఆ ఊరు 'కంటకసోల'గా కనిపిస్తుంది. పిల్లలకు మేము తప్పకుండా చూపించే సంగతి మరొకటి ఉంది. ఓడలు తీరం విడిచి 'బంగారు ద్వీపకల్పం' వైపు బయలుదేరే చోటును కూడా టాలెమీ ఈ మైసోలియా ప్రాంతంలోనే గుర్తు పెట్టాడు. బంగారు ద్వీపకల్పమంటే మలయా ద్వీపకల్పం. సింగపూరు దాని కొసన ఉంది. అమ్మా నాన్నా చాంగీలో దిగడానికి పద్దెనిమిది వందల సంవత్సరాలకు పైగా ముందే ఆ దారి ఒక గ్రీకు పుస్తకానికి ఎక్కిందన్నమాట. ఈ మాట చెప్పాక పటం ముందు నుంచి పిల్లలను లేపడం కష్టం.

తరువాత డబ్బు సంగతి. దీన్ని సెరంగూన్ రోడ్డు బంగారు కొట్లతో మొదలుపెడతాము, ఎందుకంటే అక్షయ తృతీయ నాటి రద్దీ పిల్లలందరూ చూసిందే. రోమనులకు ఇదే బెంగ ఉండేది, కాకపోతే తిరగబడి. భారతదేశం తమ సామ్రాజ్యం నుంచి ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని మొదటి శతాబ్దంలో ప్లినీ వాపోయాడు. మిరియాలు, ముత్యాలు, సన్నబట్టలు అటు వెళ్ళాయి. వెండి, బంగారం ఇటు వచ్చాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో 1,500కు పైగా రోమను వెండి దీనారాలు ఒక్కచోట దొరికాయి. మన దేశంలో దొరికిన రోమను నాణేలు కొన్నింటిలో చక్రవర్తి ముఖం మీద ఉలితో పెట్టిన గాటు ఉంటుంది. లోహం అసలుదో కాదో చూడటానికా, అది డబ్బుగా చెలామణీ కాకుండా చేయడానికా అన్న విషయంలో పండితులది ఒకే మాట కాదు. ఈ ప్రశ్నను పిల్లలకే వదిలేస్తాము. వాదించుకోవాలంటే తెలుగులోనే వాదించుకోవాలి, అదొక్కటే షరతు. ఇంగ్లీషు మాట దొర్లితే ఒక పాయింటు పోయినట్టే.

శాతవాహనుల సీసపు నాణేల మీద రెండు కొయ్యల తెరచాప ఓడ బొమ్మ ఉంటుంది. అది గీయమంటే చిన్న తరగతి వాళ్ళు కూడా వచ్చి కూర్చుంటారు.

నాగార్జునకొండ దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్తగా నడుస్తాము. నాగార్జునసాగర్ జలాశయంలో మునిగిపోయే ముందు, 1954 నుంచి 1960 వరకు, ఆ లోయలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగాయి. మూడవ, నాలుగవ శతాబ్దాల ఇక్ష్వాకుల రాజధాని బయటపడింది. అందులో నాలుగు వైపులా మెట్ల వరుసలున్న ఒక ప్రదర్శనశాల ఉంది. దాన్ని తరువాత అనుపులో తిరిగి అమర్చారు. చూడగానే గ్లాడియేటర్ సినిమా గుర్తుకొచ్చి "రోమనులే కట్టారు" అని పిల్లలు తీర్పు ఇచ్చేస్తారు. పోలిక ఉంది, రోమను నాణేలూ అక్కడ దొరికాయి. అయినా పోలిక వేరు, రుజువు వేరు. మరోవైపు "ప్రపంచంలో అన్నీ మన దగ్గర నుంచే వెళ్ళాయి" అనే మాటలు పెద్దల ఫోన్ల నుంచి పిల్లల చెవుల్లోకి వెళుతుంటాయి. రెంటికీ మేము వేసే ప్రశ్న ఒకటే: "ఎక్కడ చూశావు? చూపించు."

ఇక మాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం. శనివారం తరువాత ఆదివారమే ఎందుకు రావాలి?

గ్రహాలను, ప్రాచీనులు లెక్కించినట్టు, నెమ్మదిగా కదిలేదానితో మొదలుపెట్టి బోర్డు మీద రాస్తాము: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజులో 24 గంటలు. ఒక్కో గంటకు ఒక్కో గ్రహం అధిపతి. మొదటి గంట శనిదైతే అది శనివారం. వరుసగా లెక్కపెడితే ఏడేసి చొప్పున మూడు చుట్లకు 21 గంటలు అవుతాయి. మళ్ళీ 22 శని, 23 గురుడు, 24 కుజుడు. మర్నాటి మొదటి గంట ఎవరిది? రవిది. అదే ఆదివారం. అక్కణ్ణుంచి లెక్కిస్తే చంద్రుడు, సోమవారం. తరువాత కుజుడు, మంగళవారం. వారమంతా ఇలాగే తిరుగుతుంది. ఈ గంటనే మన పంచాంగంలో 'హోర' అంటారు. అది గ్రీకు మాట, ఇంగ్లీషు 'అవర్'కు తోబుట్టువు. సాటర్న్ అంటే శని కనుక శాటర్‌డే అంటే అచ్చంగా శనివారమే.

ఈ ఏడు గ్రహాల వారం గ్రీకు, రోమను ప్రపంచంలో రూపుదిద్దుకుని మన దేశానికి వచ్చింది. మన శాసనాలలో వారం పేరు కనిపించే మొదటి సాక్ష్యాలలో క్రీ.శ. 484 నాటి ఏరణ్ శాసనం ఒకటి. ఈ పాఠం చెప్పిన వారం ఒక తండ్రిగారు తరగతి అయ్యాక వచ్చి నెమ్మదిగా అడిగారు: "మాస్టారూ, పంచాంగం కూడా వాళ్ళదేనంటే పిల్లలకు మన మీద గౌరవం ఏం మిగులుతుందండీ?" న్యాయమైన ప్రశ్న. ఇంటికి, భాషకు దూరంగా పెరిగే పిల్లల గురించి బెంగపడే తల్లిదండ్రులందరి మనసులోనూ అదే ఉంది. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు దీనికి ఎప్పుడో జవాబు చెప్పాడని ఆయనతో అన్నాము. యవనులు పరాయివారైనా ఈ శాస్త్రం వారిలో స్థిరపడింది కనుక వారిని ఋషుల్లాగా గౌరవిస్తారని బృహత్సంహితలో ఉంది. ఎవరి దగ్గర నేర్చుకున్నామో పేరు పెట్టి చెప్పడానికి ఆయన వెనుకాడలేదు. తీసుకున్నదాన్ని మనవాళ్ళు ఊరికే అట్టిపెట్టుకోలేదు కూడా. తిథి, నక్షత్రాలతో కలిపి మన పంచాంగంలో ఇమిడ్చారు. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఆ లెక్క నాకు ఇంకోసారి చెప్పండి, ఇంట్లో చేయిస్తాను" అన్నారు.

మాటల వేట కూడా ఇంట్లో చేయించవచ్చు. 'కేంద్రం' గ్రీకు 'కెంట్రాన్' నుంచి సంస్కృతం మీదుగా మనకు వచ్చింది. 'లిప్తపాటు'లోని లిప్త గ్రీకు 'లెప్టే' నుంచి వచ్చింది. 'దీనారం' రోమనుల 'డెనారియస్'. అటు వెళ్ళిన మాటలూ ఉన్నాయి: 'పిప్పలి' గ్రీకులో 'పెపెరి' అయ్యి, లాటిన్ మీదుగా ఇంగ్లీషులో 'పెప్పర్' అయ్యింది. టెక్కా మార్కెట్లో మిరియాలు కొనేటప్పుడు, విసిగోతుల నాయకుడు అలారిక్ క్రీ.శ. 408లో రోము నగరాన్ని ముట్టడించి, విడిచిపెట్టడానికి బంగారం, వెండితో పాటు 3,000 పౌన్ల మిరియాలు కూడా అడిగాడని మీ పిల్లలకు చెప్పి చూడండి. క్యాంప్‌బెల్ లేన్‌లో 2015లో తెరిచిన ఇండియన్ హెరిటేజ్ సెంటర్ మన తరగతికి నడిచి వెళ్ళే దూరమే. మన దేశానికీ ఈ ప్రాంతానికీ నడుమ సాగిన పాత రాకపోకల గురించి అక్కడ చూడవచ్చు.

వచ్చే టర్ములో ఇంటి పనిగా గ్రహాల వరుసను తిరగేసి, చంద్రుడితో మొదలుపెట్టి లెక్కించమంటున్నాము. వారం అప్పుడు ఏమవుతుందో పిల్లలే కనిపెట్టి, తెలుగులో నాలుగు వాక్యాలు రాసి తేవాలి. అమ్మా నాన్నలు అక్షర దోషాలు దిద్దవచ్చు, లెక్క మాత్రం దిద్దకూడదు.