పంటి సలుపు, ఇంటి బెంగ

ప్రశ్న: మా పుట్టిల్లు విద్యానగర్. చదువు ఉస్మానియాలో, సినిమాలు తార్నాకలో. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటున్నాం. పదిహేను నెలల బాబుకి దవడ పళ్లొస్తున్నాయి. రాత్రంతా ఏడుపే. చిగుళ్లకు జెల్ రాయొచ్చా? నాకేమో అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలనిపిస్తోంది.

జవాబు: మొదటి దవడ పళ్లు 13–19 నెలల మధ్య వస్తాయమ్మా. వెడల్పు పళ్లు కాబట్టి సలుపు ఎక్కువ. చేతులు కడుక్కుని వేలితో చిగుళ్లు మెల్లగా రుద్దండి. ఫ్రిజ్‌లో చల్లబరిచిన రబ్బరు టీతర్ ఇవ్వండి; గడ్డకట్టినది వద్దు. బెంజోకెయిన్ జెల్ అసలు రాయకండి. రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా తగ్గవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు అది వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. జ్వరం 100.4 డిగ్రీలకు చేరినా, విరేచనాలు పట్టినా పళ్ల వల్లే అనుకోవద్దు, డాక్టరుకు చూపించండి.

ఇక మీ సంగతి. రాత్రి జాగారం మీ ఒక్కరిదే కాకూడదు. మీవారితో వంతులు వేసుకోండి. ఎండాకాలంలో మీకు రాత్రి రెండైతే విద్యానగర్‌లో పగలు పదకొండున్నర. అమ్మ వంట ముగించి తీరిగ్గా ఉండే వేళ, మొహమాటపడకుండా ఫోన్ చేయండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మాత్రం అక్కడి డాక్టరుతో చెప్పండి. అది బెంగ ఒక్కటే కాకపోవచ్చు, దానికి చికిత్స ఉంది.