నిందయు, ఋజువును: న్యాయశాస్త్రమున తొలిపాఠము

న్యాయశాస్త్రము చదువ నుద్దేశించు విద్యార్థులు ముందుగా సెక్షనుల సంఖ్యలను వల్లించుటకు పూనుకొందురు. సంఖ్యలు మారిపోవును. 1860వ సంవత్సరపు ఇండియన్ పీనల్ కోడులో దొంగతనము 378వ సెక్షను. దానికి బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదియే 303వ సెక్షను. సంఖ్య మారినను దొంగతనముయొక్క లక్షణము మారలేదు. కావున నేరలక్షణమును, దానిని ఋజువు చేయు పద్ధతిని తెలిసికొనుటయే ఈ శాస్త్రమునకు సరియైన ప్రవేశము. ఈ వ్యాసమున మేము వానినే సులభముగా వివరింప బూనితిమి.

మొదట లక్షణమును చూతము. ఒకని స్వాధీనమందున్న చరవస్తువును, అతని సమ్మతి లేకుండ, అక్రమముగా అపహరించు తలంపుతో, ఉన్న చోటునుండి కదల్చుట దొంగతనము. ఇందు అయిదు అంగములు గలవు: వస్తువు చరమై యుండవలెను, పరుని స్వాధీనములో నుండవలెను, అతని సమ్మతి లేకుండవలెను, దురుద్దేశ ముండవలెను, వస్తువు కదలవలెను. వీనిలో ఏ ఒక్కటి లోపించినను దొంగతనము కాదు. భూమిలో నిలిచియున్న టేకుచెట్టు చరవస్తువు కాదు. నరికి నేలనుండి వేరుచేసిన క్షణముననే అది చరవస్తు వగును. వానదినమున పాఠశాల వసారాలో వ్రేలాడుచున్న గొడుగును ఒక బాలుడు తనదే యని నమ్మి తీసికొనిపోయె ననుకొందము. తక్కిన నాలుగంగములు గలవు గాని దురుద్దేశము లేదు. కావున అది పొరపాటే గాని దొంగతనము కాదు. చట్టము చేతిపనిని మాత్రమే గాక మనస్సులోని తలంపునుగూడ విచారించు ననుటకు ఇది నిదర్శనము.

రెండవది, సివిలు క్రిమినలు వ్యవహారముల భేదము. ఒక రైతు ప్రామిసరీ నోటు వ్రాసియిచ్చి అప్పు తెచ్చెను. పంట పోయినందున తీర్పలేకపోయెను. అతడు ఋణగ్రస్తుడే గాని నేరస్థుడు కాడు. అప్పిచ్చినవాడు సివిలు కోర్టులో దావా వేసి డిక్రీ పొందవలెను. ఆ దావానైనను సాధారణముగా మూడు సంవత్సరముల లోపల వేయవలెను. క్రిమినలు విషయమున నన్ననో, దెబ్బ తిన్నవా డొక్కడే యైనను, నేరము సమాజమున కంతటికిని జరిగినట్లు భావించి సర్కారే అభియోగము నడపును. మొదటిదాని ఫలము సొమ్మో, భూమియో, నష్టపరిహారమో. రెండవదాని ఫలము శిక్ష. ఒకే పని రెండు విధములుగను విచారణకు రావచ్చును. ఒకని చేయి విరుగగొట్టినవాడు శిక్షింపబడుటయే గాక, పరిహారమునుగూడ చెల్లింపవలసి రావచ్చును.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది: ఋజువు భారము ఎవరిది? ఒక సంగతి జరిగినదని చెప్పినవాడే అది జరిగినదని చూపవలెను. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రచించిన 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టమున ఈ నియమము 101వ సెక్షను; నేటి భారతీయ సాక్ష్య అధినియమమున 104వ సెక్షను. అప్పు దావాలో అప్పిచ్చితినని చెప్పు వాది నోటును, సాక్షులను చూపవలెను. అచట త్రాసు ఏ వైపునకు మొగ్గిన ఆ వైపునకే తీర్పు. క్రిమినలు విచారణలో అంతమాత్రము చాలదు. ముద్దాయి దోషి యనుటలో సమంజసమైన సందేహమేదియు మిగులకుండ సర్కారు ఋజువు చేయవలెను. ఏల ఈ భేదము? తప్పుడు డిక్రీచేత పోయిన సొమ్మును మరల సంపాదింపవచ్చును. చెరలో గడచిన యేండ్లును, ఉరిచే పోయిన ప్రాణమును తిరిగి రావు.

ఈ నియమము ఒకని ప్రాణమును కాపాడిన వృత్తాంతము గలదు. 1934 డిసెంబరులో ఇంగ్లాండు దేశమున రెజినాల్డ్ వూల్మింగ్టన్ అను 21 ఏండ్ల వ్యవసాయకూలీ, తన్ను విడిచి తల్లియింటికి పోయిన భార్యను చూడబోయెను. అతనివద్ద గొట్టము కోసి పొట్టిచేసిన తుపాకి యుండెను. అది ప్రేలి ఆమె మరణించెను. ఆమె తిరిగి రానిచో తాను చత్తునని బెదరించుటకే తుపాకి తెచ్చితిననియు, అది అనుకోకుండ ప్రేలెననియు అతడు చెప్పెను. మొదటి విచారణలో జూరీ ఏకాభిప్రాయమునకు రాలేదు. బ్రిస్టలులో జరిగిన రెండవ విచారణలో న్యాయాధిపతి, చంపినది ఇతని చేయియే గనుక అది ప్రమాదమని చూపు భారము ఇతనిదే యని జూరీకి బోధించెను. మరణశిక్ష విధింపబడెను. మొదటి అప్పీలు కొట్టివేయబడెను. 1935లో నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ ఆ బోధ తప్పని నిర్ణయించి అతనిని విడుదల చేసెను. ఆ తీర్పు చెప్పిన సాంకీ ప్రభువు ఈ నియమమును బంగారు దారముతో పోల్చిన పోలిక న్యాయవాదుల నోట నేటికిని వినబడును. వూల్మింగ్టన్ తన నిర్దోషిత్వమును ఋజువు చేసికొన్నందున విడుదల కాలేదు; అతని దోషము సరియైన పద్ధతిని ఋజువు కానందున విడుదల యయ్యెను. ఈ భేదమును గ్రహించినవాడు పాఠములో సగము గ్రహించినట్లే.

అట్లయిన దోషులు తప్పించుకొనరా యని తలిదండ్రులు అడుగవచ్చును. కొందరు తప్పించుకొందురు, దీనిని మేము దాచము. కాని నింద వేసినంతమాత్రమున శిక్ష పడు దేశమున నిర్దోషికి రక్షణ లేదు. అచట పగవానికి నిందయే ఆయుధ మగును. మరియు చట్టము ముద్దాయి చెప్పిన ప్రతి మాటను నమ్మదు. ఆత్మరక్షణకై కొట్టితినని గాని, మతిభ్రమణమున చేసితినని గాని చెప్పువాడు ఆ మినహాయింపును తానే చూపవలెను. అయితే సర్కారుపై నున్నంత బరువైన ఋజువు భారము అతనిపై నుండదు.

బీదవాడు ఈ రక్షణను ఎట్లు పొందును? 1950 జనవరి 26న అమలునకు వచ్చిన మన రాజ్యాంగముయొక్క 22వ అధికరణము ప్రకారము, కొన్ని మినహాయింపులు దప్ప, పట్టుబడినవానికి కారణము తెలుపవలెను; తాను కోరిన న్యాయవాదిని సంప్రదింపనీయవలెను; ప్రయాణకాలము గాక 24 గంటల లోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలెను. 1976లో చేర్చబడిన 39-ఎ అధికరణము బీదలకు ఉచిత న్యాయసహాయమును ఆదేశించుచున్నది. 1987వ సంవత్సరపు చట్టము ననుసరించి జిల్లాలలో న్యాయసేవాధికార సంస్థలు ఏర్పడినవి. ప్లీడరు ఫీజునకు సొమ్ము లేనివారికి ఈ సంగతిని తెలుపుట చదువుకొన్నవారి విధి.

విద్యార్థులారా, ఈ నియమము కోర్టులకు మాత్రమే చెందినది కాదు. వసతిగృహమున ఎవని రూపాయలైన పోయినప్పుడు అందరి చూపును చిరిగిన చొక్కా తొడుగుకొన్న బాలునిపై పడుట లోకమున కద్దు. “నీవు తీయలేదని చూపుము” అని వానిని నిలదీయుదురు. చేయని పనిని చేయలేదని చూపుట ఎంత కష్టమో ఆలోచింపుడు. బ్రిస్టలు న్యాయాధిపతి పొరబడినదియు ఇచటనే. కావున వేలు చూపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: ఏమి జరిగినది? ఏ తలంపుతో జరిగినది? చూచినవా రెవరు? వీనికి సమాధానము దొరకువరకు ఆ బాలుడు మీవలె నిర్దోషియే. వాని మాటనుగూడ ఓపికతో వినుడు.