పొడుపు లెక్కలు - త్రాసు మర్మము

కొలనిలో కొన్ని తామరపూవులు కలవు. వానిపై వ్రాలుటకు కొన్ని తుమ్మెదలు వచ్చినవి. పూవునకు ఒకటి చొప్పున వ్రాలగా ఒక తుమ్మెద మిగిలినది. రెండేసి చొప్పున వ్రాలగా ఒక పూవు మిగిలినది. పూవులెన్ని? తుమ్మెదలెన్ని?

పల్లెలలో తాతలు మనుమలను అడుగు లెక్కయే ఇది. పూవులు 3, తుమ్మెదలు 4. పిల్లలు పెక్కుమంది తోచిన అంకెలు ఒకదానివెంట నొకటి వేసి చూచి దీనిని సాధింతురు. అందు తప్పులేదు. అయినను పలకతో పనిలేని త్రోవ యొకటి కలదు. పూవునకు ఒకటి చొప్పున వ్రాలినప్పుడు ఒక తుమ్మెద వెలుపలనున్నది గదా! ఇప్పుడొక పూవుమీది తుమ్మెదను లేపుడు. ఆ పూవు ఖాళీ యైనది. వెలుపల రెండు తుమ్మెదలైనవి. ఈ రెండును తక్కిన పూవులమీద ఒక్కొక్కదానికి జతగా సరిపోవలెను. కావున తక్కిన పూవులు రెండే, ఖాళీదానితో మూడు.

ఇక సంత లెక్క. పుంజు వెల 3 రూపాయలు, పెట్ట 2 రూపాయలు, పిల్ల అర్ధరూపాయి. (నేటి సంతలో ఈ వెలలు అడిగిన నవ్వుదురు, లెక్కకొరకు కల్పించినవి.) మూడు రకములును ఉండునట్లు 20 రూపాయలకు 20 తేవలెను. తెలియని సంఖ్యలు మూడు, చెప్పిన షరతులు రెండే. చాలవేమో యని తోచును. కాని చెప్పకయే చెప్పిన షరతు మరియొకటి కలదు: కోడిని సగము కొనలేము. మొదట 20 పిల్లలనే కొందమనుకొనుడు. 10 రూపాయలగును, 10 మిగులును. ఒక పిల్లకు బదులు పుంజును తీసికొన్నచో 5 అర్ధరూపాయలు, పెట్టను తీసికొన్నచో 3 అర్ధరూపాయలు అధికమగును. మిగిలినవి 20 అర్ధరూపాయలు. అయిదులును మూడులును చేర్చి 20 చేయవలెను. 20ని 5 నిశ్శేషముగా భాగించును. పుంజుల వంతును అట్లే. కనుక పెట్టల వంతును 5 నిశ్శేషముగా భాగింపవలసినదే. పెట్టలు 5 గాక వేరు సంఖ్య పొసగదు. పుంజు 1, పెట్టలు 5, పిల్లలు 14.

ఈ తీరు లెక్కలు నేటివి కావు. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమున 100 పణములకు 100 పక్షులను తెమ్మను ప్రశ్న కలదు. పావురములు 3 పణములకు 5, సారసములు 5 పణములకు 7, హంసలు 7 పణములకు 9, నెమళ్లు 9 పణములకు 3. పావురములు 15, సారసములు 28, హంసలు 45, నెమళ్లు 12 అనునది దాని జవాబులలో ఒకటి. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను.

పక్షుల లెక్క తప్పినచో పోవునది లేదు. త్రాసు లెక్క తప్పినచో రైతు పంట పోవును. ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చిన ఈ దినములలోను కోలత్రాసు సంతలలో కానవచ్చుచునే యున్నది గనుక ఈ లెక్కను కొంచెము నిలిచి చూడవలెను.

ఒక రైతు మిరపకాయలు తెచ్చెను. వర్తకుని త్రాసుకోల మధ్యకు వ్రేలాడుటలేదు. ఒక వైపు 2 పాళ్లు, రెండవ వైపు 3 పాళ్లు పొడవు. తట్టల బరువు సర్దియుండుటచే ఖాళీగా నున్నప్పుడు సమముగనే నిలుచును. రైతు సందేహింపగా వర్తకుడు, “సగము ఈ తట్టలోను, సగము ఆ తట్టలోను తూచుదము. హెచ్చుతగ్గులు సరిపోవును” అనెను. రెండు తడవలును 6 కిలోల తూనికరాళ్లే వేసి, 12 కిలోలకు సొమ్మిచ్చెను. రైతు ఇచ్చిన సరకెంత?

కోల సమముగా నిలుచుటకు బరువును కోల పొడవును గుణింపగా వచ్చునది ఇరువైపుల ఒకటే కావలెను. తూనికరాళ్లు పొడవు వైపున ఉన్నప్పుడు 6ను 3చే గుణింప 18. పొట్టి వైపున సరకు 9 కిలోలు పట్టును. తట్టలు మార్చగా 6ను 2చే గుణింప 12. పొడవు వైపున 4 కిలోలు చాలును. మొత్తము 13. ఒక కిలో ఊరక పోయినది. ఇంత తేడా కంటికే తెలియును, నిజమే; లెక్క సులభమగుటకు పెంచి చెప్పితిమి. కాని తేడా ఎంత స్వల్పమైనను, ఒకే రాళ్లతో ఇటునటు తూచినచో సరకిచ్చువానికే నష్టము, ఎన్నడును సరిపోదు.

ఒకే మూటను రెండు తట్టలలోను తూచగా ఒకమారు 4, ఒకమారు 9 కిలోలు వచ్చినచో అసలు బరువు ఆరున్నర కాదు. 4ను 9చే గుణింప 36, ఆరార్ల ముప్పదియారు. కనుక 6 కిలోలు.

గుణకారము రానివారికిని ఉపాయము కలదు. సరకును ఒక తట్టలో నుంచి, రెండవ తట్టలో సమమగువరకు ఇసుక పోయవలెను. పిమ్మట ఇసుకను కదల్పక, సరకు తీసి అదే తట్టలో తూనికరాళ్లు వేయవలెను. మరల సమమైనప్పుడు ఆ రాళ్ల బరువే సరకు బరువు. కోల ఎంత వంకరదైనను ఇది తప్పదు. తూనికలు, కొలతల శాఖవారి ముద్రలేని త్రాసుతో వ్యాపారము చేయుట నేరమనియు రైతులు ఎరుగవలెను.

ఇక పాఠకులకొక లెక్క. సరియైన త్రాసు కలదు. 1, 3, 9 కిలోల రాళ్లు ఒక్కొక్కటియే కలవు. రాళ్లను రెండు తట్టలలోను వేయవచ్చును. 1 మొదలు 13 వరకు ఏ బరువునైనను తూచవలెను. 5 కిలోలకు త్రోవ చూపెదము: ఒక తట్టలో 9, సరకున్న తట్టలో 3, 1. తక్కినవి ఇంటిలో పిల్లలతో కలిసి తూచి చూడుడు.