ప్లే స్కూల్ పెట్టే ముందు ఓసారి లెక్క వేయండి

మాంటిస్సోరి శిక్షణో, ప్రీ ప్రైమరీ డిప్లొమానో పూర్తిచేసి రెండు మూడేళ్లు పనిచేశాక చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. ఎవరి దగ్గరో పన్నెండు వేల జీతానికి చేసే బదులు మనమే ఓ ప్లే స్కూల్ పెట్టుకుంటే పోలా? పిల్లలంటే ఇష్టం, కాలనీలో ఇల్లు అద్దెకు దొరుకుతుంది, గోడల మీద నాలుగు బొమ్మలు వేయిస్తే సరి. ఆలోచన మంచిదే. అయితే పిల్లల మీద ఇష్టంతో బడి మొదలవుతుందేమో గానీ, నడిచేది అద్దె కట్టగలిగితేనే.

గుంటూరులోనో ఖమ్మంలోనో ఓ మోస్తరు కాలనీ అనుకోండి. ఇంటద్దె 30 వేలు. ముగ్గురు టీచర్లకు తలా 12 వేలు, ఇద్దరు ఆయాలకు తలా 9 వేలు. కరెంటు, నీళ్లు, శుభ్రతకు 8 వేలు. రంగులు, కాగితాలు, విరిగిన బొమ్మలు, పండగ వేడుకలకు 6 వేలు. మొత్తం నెలకు 98 వేలు, ఏడాదికి 11,76,000 రూపాయలు. ఏడాది ఫీజు 28 వేలు పెడితే, 42 మంది పిల్లలు చేరితే ఖర్చులకు సరిపోతుంది. ఇందులో మీ జీతం లేదు. నెలకు పాతిక వేలు మీరూ తీసుకోవాలంటే 53 మంది కావాలి. అందరూ ఫీజు పూర్తిగా కట్టాలి కూడా. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలే, మీ ఊరి ధరలతో మళ్లీ వేసుకోండి.

ఇంకో చిక్కు, ఖర్చు నెలనెలా ఉంటుంది, ఫీజు మాత్రం టర్మ్‌ల వారీగా వస్తుంది. రెండో టర్మ్ గడువు దాటిన తండ్రి గేటు దగ్గర బండి ఆపకుండానే ‘జీతం పడగానే ఫోన్‌పే కొట్టేస్తా మేడమ్’ అని వెళ్లిపోతాడు. ఫీజు కోసం మూడేళ్ల పాపను గది బయట నిలబెట్టలేం, నిలబెట్టకూడదు కూడా. ఏప్రిల్ చివర్లో బడి మూస్తారు. ఇంటి ఓనరుకు మాత్రం వేసవి సెలవులుండవు. అందుకే కనీసం నాలుగు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో ఉండాలంటాను. 2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాక అద్దె ఇళ్లలో నడిచేవాళ్లకు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది.

పిల్లలు నిలవకపోవడం మరో దెబ్బ. పెద్ద బడుల్లో నర్సరీలోనో ఎల్‌కేజీలోనో సీటు వేయించకపోతే తర్వాత దొరకదని తల్లిదండ్రుల భయం. మీరు ఎంత బాగా చూసుకున్నా ప్రతి మార్చిలో సగం మంది వెళ్లిపోతారనుకునే బడ్జెట్ వేసుకోండి.

చాలామంది పట్టించుకోనిది ప్లే గ్రూప్ ఖర్చు. 2013 నాటి జాతీయ బాల్య సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడేళ్లు దాటిన పిల్లలకు ఇరవై మందికొకరు, అంతకన్నా చిన్నవాళ్లకు పదిమందికొకరు పెద్దవాళ్లు ఉండాలి. అంటే 12 వేల జీతం లెక్కన ఏడాదికి ఒక్కో పిల్లకు టీచర్ ఖర్చు నర్సరీలో 7,200 అయితే, ప్లే గ్రూప్‌లో 14,400. మనవాళ్లేమో ‘చిన్నపిల్లలే కదా, మూడు గంటలే కదా’ అని అక్కడే ఫీజు తగ్గిస్తారు!

ఇంతకీ డబ్బు పోయేది మధ్యాహ్నం. పన్నెండున్నరకు పిల్లలు వెళ్లిపోతే, అద్దె కట్టిన గదులు సాయంత్రం దాకా ఖాళీ. ఉద్యోగాలకెళ్లే తల్లులున్న కాలనీ అయితే డేకేర్ పెట్టండి. ఆయాకు అదనపు జీతం, భోజనాల బాధ్యత తప్పవు గానీ, డేకేర్ ఫీజు మే నెలలోనూ వస్తుంది.

ఫ్రాంచైజీ తీసుకుంటే పేరు రెడీమేడ్‌గా వస్తుంది, దానికో ధర ఉంటుంది. ప్రీ స్కూల్ ఫీజుకు జీఎస్టీ లేదు. మీరు కట్టే ఫ్రాంచైజీ రుసుముకు మాత్రం 18 శాతం ఉంది. మూడు లక్షలకు 54 వేలు పన్ను. మీరు జీఎస్టీ వసూలు చేయరు కాబట్టి ఆ సొమ్ము వెనక్కి రాదు. రాయల్టీ ఫీజులో ఎంత శాతమో, పుస్తకాలూ యూనిఫామ్‌లూ వాళ్ల దగ్గరే కొనాలో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

అప్పు కావాలంటే ముద్ర పథకం ఉంది. శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా ఇస్తారు. బ్యాంకువాళ్లు అడిగేది పైన వేసినలాంటి లెక్కే. అప్పు తీసుకున్నా వాయిదాలు జూన్ తర్వాత మొదలయ్యేలా అడగండి.

ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లకు నా సలహా: ముందు ఏదైనా చిన్న ప్లే స్కూల్లో చేరండి. తరగతితో పాటు అడ్మిషన్ల పనీ చూస్తానని అడగండి. జనవరి నుంచి జూన్ దాకా ఎంతమంది వచ్చి చూసి వెళ్లారు, ఎంతమంది చేరారు, ఎవరు ఎందుకు మానేశారు అనేవి గమనించండి. ఈలోగా ఇగ్నోలో బాల్య విద్య డిప్లొమా కూడా చదువుకోవచ్చు.

ఆ తర్వాత సొంత బడి పెట్టేటప్పుడు, అడ్మిషన్ల కోసం ఇల్లు జనవరిలోనే అద్దెకు తీసుకుంటే, మే దాకా అయిదు నెలలకు లక్షన్నర, అడ్వాన్సు వేరే. తొలి మూడు నెలలు సగం అద్దెకు ఒప్పుకునే ఓనరు దొరికితే, ఇల్లు కాస్త పాతదైనా అదే తీసుకోండి.