వారానికో రంగు పేజీ: ఇంట్లో ఇంక్‌జెట్ ఉన్నవాళ్లకు చిట్కాలు

ప్రింటు, స్కాను, కాపీ మూడూ చేసిపెట్టే వైఫై ఇంక్‌జెట్ చాలా ఇళ్లలో పుస్తకాల అలమరా మీద చోటు చూసుకుంది. పిల్లల ప్రాజెక్టులు, హాల్ టికెట్లు, బ్యాంకు ఫారాలు అన్నీ జిరాక్స్ షాపు మూసేశాకే గుర్తొస్తాయి కదా! అయితే దీనికో విచిత్రమైన గుణం ఉంది. వాడితే అరిగేది తక్కువ, వాడకుండా దాస్తే పాడయ్యేది ఎక్కువ. "పాడైపోయింది" అని పక్కన పెట్టేసినవాటిని చూస్తే తరచూ ఇంకు ఎండిపోయి ఉంటుంది, లేదంటే వైఫై తెగిపోయి ఉంటుంది. అందుకే ఈ రెండింటి గురించే కాస్త ఎక్కువ చెబుతున్నాను.

1. వారానికి ఒక్క పేజీ అయినా తీయండి, అదీ రంగుల్లో. ప్రింట్ హెడ్‌లో వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలు వందల్లో ఉంటాయి. ఇంకులో ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీరు ఆరిపోతే మిగిలిన రంగు రంధ్రానికి అడ్డుపడుతుంది. నల్ల అక్షరాల పేజీ తీస్తే నల్ల ఇంకు రంధ్రాలే ఆడతాయి, మిగతా మూడు రంగులూ ఎండుతూనే ఉంటాయి. కాబట్టి నీలం, గులాబీ, పసుపు కలిసిన బొమ్మ ఏదైనా ఒకటి ఉండాలి. పిల్లలున్న ఇంట్లో దీనికి కొదవేముంది? ఏప్రిల్, మే నెలల్లో ఈ సంగతి అసలు మరవకండి. వేసవి సెలవులకు తాళం వేసి ఊరెళ్లి వచ్చాక మొదటి పేజీ గీతలు గీతలుగా వచ్చేది ఇందుకే.

2. ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపండి. గోడ స్విచ్ కట్టేస్తే కరెంటు ఆదా అవుతుందనిపిస్తుంది. నిజానికి బటన్ నొక్కినప్పుడు హెడ్ ఓ మూలకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ఇంకు ఆరకుండా కాపాడేది ఆ మూతే. పని మధ్యలో కరెంటు తీసేస్తే హెడ్ ఎక్కడున్నది అక్కడే నోరు తెరిచి ఉండిపోతుంది. బటన్ లైటు పూర్తిగా ఆరాకే గోడ స్విచ్ జోలికి వెళ్లాలి. ప్రింటు మధ్యలో కరెంటు పోతే, వచ్చాక ఓసారి ఆన్ చేసి, మళ్లీ పద్ధతిగా ఆపండి. రోజుకు నాలుగుసార్లు ఆపి వేయడమూ మంచిది కాదు. చాలా మోడళ్లు ఆన్ అయినప్పుడల్లా కాస్త ఇంకు ఖర్చుపెట్టి హెడ్ కడుక్కుంటాయి. పగలంతా పని ఉండే ఇంట్లో దాన్ని నిద్రలో వదిలేయడమే చవక.

3. ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని చాలామంది అడుగుతారు. ఇంక్‌జెట్ నిక్షేపంగా నడుస్తుంది. ప్రింటు చేసేటప్పుడు కూడా ఇంట్లో వాడే రకాలకు పాతిక వాట్లు దాటడం అరుదు. లేజర్ ప్రింటర్ సంగతి వేరు. అది పొడిని కాగితం మీద కరిగించడానికి రోలర్‌ను వేడి చేస్తుంది, ఆ క్షణంలో వందల వాట్లు లాగుతుంది. చిన్న యూపీఎస్‌కు దాన్ని తగిలించవద్దు.

4. గీతలు వస్తే గాభరాపడి క్లీనింగ్ బటన్ మీద బటన్ నొక్కకండి. ముందు నాజిల్ చెక్ పేజీ తీయండి. ఏ రంగులో గీత తెగిందో అందులోనే తెలిసిపోతుంది. తర్వాత ఒకసారి క్లీనింగ్, మళ్లీ చెక్. రెండు మూడు సార్లకు కుదరకపోతే రాత్రంతా వదిలేయండి. మెత్తబడిన ఇంకు పొద్దున్నే కదిలిపోవడం మామూలే. క్లీనింగ్‌లో వాడిన ఇంకు ఎక్కడికి పోతుందో తెలుసా? అడుగున ఉన్న స్పాంజి లాంటి ప్యాడ్‌లోకి. అది నిండిందని యంత్రం లెక్కకట్టుకున్న రోజున పని ఆపేసి, సర్వీసుకు తీసుకెళ్లమంటుంది. కొన్ని మోడళ్లలో ఈ ప్యాడ్‌ను చిన్న పెట్టెగా విడిగా అమ్ముతారు, మనమే మార్చుకోవచ్చు. కొనేటప్పుడు రంగు, ధర, స్క్రీన్ చూస్తారు గానీ ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు. అడగండి.

హెడ్ రకాన్ని బట్టి కూడా వైద్యం మారుతుంది. కేనన్, హెచ్‌పీ ఇంక్‌జెట్‌లు ఇంకును వేడి చేసి బుడగతో చిమ్మిస్తాయి. ఎప్సన్ మాత్రం కరెంటు తగిలితే వంగే పలకతో నెట్టిస్తుంది. మార్చుకునే క్యాట్రిడ్జ్‌లున్న చవక మోడళ్లు చాలావాటిలో హెడ్ క్యాట్రిడ్జ్‌కే అతుక్కుని ఉంటుంది. అలాంటప్పుడు క్యాట్రిడ్జ్ బయటకు తీసి, పీచు రాని మెత్తని గుడ్డను గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండి, రాగి రంగు చుక్కల వైపు కాకుండా నాజిల్ వైపు మాత్రమే అద్దితే ఎండిన ఇంకు వదులుతుంది. ఇక కుదరదనుకుంటే కొత్త క్యాట్రిడ్జ్‌తో కొత్త హెడ్ కూడా వచ్చినట్టే. హెడ్ లోపలే బిగించి ఉండే ట్యాంక్ మోడళ్ల మీద మాత్రం యూట్యూబ్ చూసి సిరంజి ప్రయోగాలు చేయకండి.

5. వైఫై దగ్గర మొదట చూడాల్సింది బ్యాండ్. ఇళ్లలో వాడే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. మీ రౌటర్ 2.4, 5 రెండూ ఇస్తుంటే, పేర్లు వేరుగా ఉన్నప్పుడు ప్రింటర్‌ను 2.4 పేరుకే కలపండి. వేగం తగ్గుతుందన్న బెంగ వద్దు, కాగితం బయటకు వచ్చే వేగంతో పోలిస్తే అది చాలా ఎక్కువే. పైగా 2.4 గోడలు దాటి వెళ్తుంది.

6. "ప్రింటర్ ఆఫ్‌లైన్" అని కంప్యూటర్ చెబుతుంటే, పక్కన ప్రింటర్ మాత్రం లైటు వేసుకుని కూర్చుని ఉంటే, రౌటర్ దానికి కొత్త నంబరు ఇచ్చి ఉండవచ్చు. కంప్యూటర్ పాత నంబరుకే ఉత్తరాలు రాస్తోందన్నమాట. ముందు రౌటర్, తర్వాత ప్రింటర్, చివరికి కంప్యూటర్ ఆపి, మళ్లీ వేయండి. మాటిమాటికీ ఇదే వస్తుంటే రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రింటర్‌కు ఆ నంబరును, అంటే ఐపీ అడ్రస్‌ను, శాశ్వతంగా కేటాయించండి. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరైనా ఉంటే వాళ్లకు అప్పగించదగ్గ పని.

ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్ చేయగానే ఇంటి ప్రింటర్ మాయమవుతుంది. అది చెడిపోవడం కాదు, ఆఫీసు నెట్‌వర్క్ మిమ్మల్ని ఇంటి నెట్‌వర్క్ నుంచి వేరు చేసింది. వీపీఎన్ ఆపి ప్రింటు ఇవ్వండి, లేదా యూఎస్‌బీ కేబుల్ తగిలించండి. ఆ కేబుల్ ప్రింటర్‌తో పాటు రాకపోతే విడిగా ఒకటి కొని డ్రాయర్‌లో పడేసి ఉంచండి.

7. ఇంటర్నెట్ కంపెనీ మార్చి కొత్త రౌటర్ పెట్టించుకుంటున్నారా? పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కొత్తదానికీ పెట్టమనండి. ప్రింటర్, టీవీ, ఫోన్లు అన్నీ తేడా తెలియకుండానే వచ్చి కలుస్తాయి. చిన్న ప్రింటర్ తెర మీద బాణం గుర్తులతో పాస్‌వర్డ్ కొట్టే శిక్ష తప్పుతుంది.

8. ఫోన్ నుంచి ప్రింటు తీయడానికి కంపెనీ యాప్ తప్పనిసరి కాదు. ఐఫోన్‌లో ఎయిర్‌ప్రింట్, ఆండ్రాయిడ్‌లో మోప్రియా లాంటి ప్రింట్ సర్వీసులతో పని జరిగిపోతుంది. యాప్ సెటప్‌కూ స్కానింగ్‌కూ ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో దారిలోనే చిక్కిపోతుంది కాబట్టి, ప్రింటు తీయాల్సిన బొమ్మను డాక్యుమెంట్‌గా పంపమని అవతలివాళ్లకు చెప్పండి.

9. తెలుగు ప్రింటుకు రెండు జాగ్రత్తలు. మొదటిది, వర్డ్ ఫైలు కాకుండా పీడీఎఫ్ చేసి పంపండి, పంపించుకోండి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్లలో కంపోజ్ చేసేవాళ్లున్నారు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో శుభలేఖ ఫైలు తెరిస్తే పెళ్లికూతురి పేరు స్థానంలో ఇంగ్లీషు అక్షరాల కలగూరగంప కనిపిస్తుంది. యూనికోడ్‌లో టైప్ చేసినా, అవతలి యంత్రంలో ఆ ఫాంటు లేకపోతే వేరే ఫాంటు వచ్చి కూర్చుని వరసలు, పేజీలు చెదిరిపోతాయి. పీడీఎఫ్‌లో అక్షరాలు ఫైలుతోనే ప్రయాణిస్తాయి, ఈ గొడవ ఉండదు.

రెండోది డ్రాఫ్ట్ మోడ్. ఇంగ్లీషు పేజీకి ఇంకు ఆదా చేసే ఈ సెట్టింగు తెలుగు పేజీకి శత్రువు. మన వత్తులు చిన్నవి, గుడి, గుడిదీర్ఘం మధ్య తేడా ఓ చిన్న మెలిక. డ్రాఫ్ట్‌లో చుక్కలు పలచబడితే వత్తు ఏదో, మరక ఏదో తెలియదు. అమ్మమ్మ చదువుకోవాల్సిన స్తోత్రాల పేజీ అయితే నార్మల్ మోడ్‌లో, అక్షరం సైజు 16కు తగ్గకుండా తీయండి. ఆదా చేయాలంటే రెండు వైపులా ప్రింటు తీసి కాగితం మిగుల్చుకోండి.

10. కాగితం. రోజువారీ పనికి 75 జీఎస్ఎమ్ చాలు. ఇంకా పలచనిదైతే ఇంకు వెనక్కి తేలుతుంది. వానాకాలంలో కాగితం గాలిలోని తేమ పీల్చి అంచులు వంకర తిరుగుతుంది, రెండేసి మూడేసి కలిసి లోపలికి పోతాయి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇది ఏడాది పొడుగునా ఉన్న బాధే. రీమ్‌ను దాని కవర్‌లోనే మడిచి ఉంచి, ఆ రోజుకు కావలసినన్ని మాత్రమే ట్రేలో పెట్టండి. పెట్టే ముందు పేకముక్కల్లా ఓసారి విసరండి.

అమెరికాలో ఉన్న అబ్బాయి పంపిన ఫైలు పక్క అంచుల్లో తెగి వస్తుంటే, లేదా ప్రింటర్ లెటర్ సైజు కాగితం పెట్టమని మొరాయిస్తుంటే కంగారు వద్దు. అక్కడి లెటర్ కాగితం 216 × 279 మిల్లీమీటర్లు, మన ఏ4 210 × 297. ప్రింటు ఇచ్చేటప్పుడు పేపర్ సైజు ఏ4 అనీ, ఫిట్ టు పేజ్ అనీ ఎంచుకుంటే సరిపోతుంది.

11. వెనక నుంచి కాగితం పెట్టే మోడళ్లు నోరు తెరుచుకుని ఉంటాయి. పిన్నీసులు, పెన్సిల్ ముక్కలు, రూపాయి బిళ్లలు, దేవుడి అలమరా పక్కనే పెడితే అక్షింతలు కూడా అందులోకే పోతాయి. పని లేనప్పుడు ట్రే మూసి, మీద పాత నూలు గుడ్డ కప్పండి. బొద్దింకలు వెచ్చని చోటు వెతుక్కుంటాయి కాబట్టి వంటింటికి దూరంగా పెట్టండి.

12. పేపర్ జామ్ అయితే ముందు ఆపండి. కాగితం ఎటు నుంచి ఎటు నడుస్తుందో చూసి, వీలైనంత వరకు అటే, రెండు చేతులతో, మెల్లగా లాగండి. చిరిగితే ముక్కలన్నీ కలిపి పేజీ పూర్తయిందో లేదో సరిచూసుకోండి. లోపల మిగిలిన గోరంత ముక్కే రేపు మళ్లీ ఆపేస్తుంది.

13. స్కాను చేసేటప్పుడు అన్నిటికీ ఒకే సెట్టింగు పెట్టవద్దు. మామూలు కాగితాలకు 300 డీపీఐ ఎక్కువే. ఆ లెక్కన ఏ4 పేజీ దాదాపు 2480 × 3508 పిక్సెళ్లు అవుతుంది. దరఖాస్తు సైట్లు కిలోబైట్లలో హద్దు పెడతాయి కాబట్టి అక్కడికి 150, 200 దగ్గర మొదలుపెట్టండి. తాతయ్య పెళ్లి ఫొటోకు మాత్రం 600 పెట్టి, రంగుల్లోనే చేయండి. నలుపు తెలుపు ఫొటో అయినా సరే. మరకను, అసలు నీడను విడదీయడానికి రంగు సమాచారం పనికొస్తుంది.

పాత దస్తావేజులు, మడతలు పడ్డ పాసుపుస్తకాలు పైనున్న ఫీడర్‌లో ఎప్పుడూ పెట్టకండి, అద్దం మీదే పెట్టండి. ఫీడర్‌లో పెట్టే వాటికైతే స్టేపుల్ పిన్ను ఉందేమో చూడండి. ఫీడర్ స్కాన్‌లో మాత్రమే పైనుంచి కిందికి గీత వస్తుంటే పెద్ద అద్దం పక్కనున్న సన్నని అద్దం పట్టీ మీద ఏదో అంటుకుందని అర్థం. తడి గుడ్డతో తుడిస్తే పోతుంది. గుడ్డ మీదే నీళ్లు చల్లాలి, అద్దం మీద కాదు. ఆధార్ కాపీ ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దింపుకుని ఇవ్వండి. ఐడీ కాపీ బటన్ ఉంటే మిగతా కార్డుల రెండు వైపులూ ఒకే పేజీ మీద వస్తాయి. పని అయ్యాక మూత ఎత్తి చూడండి, అసలు కార్డు అక్కడే ఉండిపోతుంది చాలాసార్లు.

14. పాస్‌పోర్టు ఫొటోలు ఇంట్లో తీయవచ్చా? తీయవచ్చు, కానీ నా ఓటు స్టూడియోకే. ఇంట్లోనే అంటారా, ఫొటో పేపర్ కొనండి, సెట్టింగుల్లో కూడా ఆ పేపర్ రకమే ఎంచుకోండి, సైజు "యాక్చువల్" లేదా 100 శాతం అని పెట్టండి. ఫిట్ టు పేజ్ పెట్టారో, 35 × 45 మిల్లీమీటర్ల ఫొటో కొలత తప్పుతుంది. అమెరికా వీసాకు 2 అంగుళాల చదరం కావాలి.

15. ఇంకు ట్యాంకు గీత కిందికి దిగేదాకా చూడకండి. గొట్టాల్లోకి గాలి వెళ్తే మళ్లీ ఇంకు ఎక్కించడానికి చాలా ఇంకు ఖర్చవుతుంది. కొత్త ప్రింటర్‌తో వచ్చిన మొదటి సీసాలు త్వరగా అయిపోయాయని అనుమానించవద్దు, కొంత ఇంకు గొట్టాలు నిండడానికే పోతుంది. డబ్బా మీద రాసిన పేజీల సంఖ్య ఐఎస్ఓ నమూనా పేజీలను ఆగకుండా తీసి లెక్కకట్టింది. నెలకు పది పేజీలు తీసేవాళ్లకు క్లీనింగ్‌కే బోలెడు పోతుంది కాబట్టి ఆ సంఖ్య అందదు. అంత తక్కువ వాడేవాళ్లకు వీధి చివరి జిరాక్స్ షాపే లాభం. రంగు అక్కర్లేనివాళ్లకు నలుపు తెలుపు లేజర్ మేలు, దాని పొడి ఎండేది కాదు.

చవక ఇంకు పోయవచ్చా అంటే, వారంటీ ఉన్నంతకాలం వద్దు. చిప్ ఉన్న క్యాట్రిడ్జ్‌ల విషయంలో ఇంకో సంగతి. నిన్నటిదాకా పనిచేసిన వేరే కంపెనీ క్యాట్రిడ్జ్‌ను సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ప్రింటర్ తిరస్కరించవచ్చు. కొన్నవాడి చేతిలో ఉండాల్సిన నిర్ణయం అది అని నా అభిప్రాయం.

16. ఇల్లు మారేటప్పుడు ట్యాంక్ ప్రింటర్‌ను లారీలో నిలువుగా నిలబెట్టి గానీ, పక్కకు పడేసి గానీ పంపకండి. మూతలు బిగించి, ట్రాన్స్‌పోర్ట్ లాక్ ఉంటే వేసి, పాలిథిన్ కవర్ చుట్టి, కారులో సీటు ముందు కింద చదునుగా పెట్టుకోండి. కొత్త ఇంట్లో బల్ల మీద పెట్టాక కాసేపు కదపకుండా ఉంచి, లాక్ తీసి, నాజిల్ చెక్ పేజీ తీశాకే మిగతా పని మొదలుపెట్టండి.