డాబా నెత్తిన వెల్ల

మే నెల వాతావరణ వార్తల్లో నందిగామ పేరు తరచూ వినిపిస్తుంది. కృష్ణా మెట్టకు ఎండ కొత్తేమీ కాదు. తాటాకిళ్లూ పెంకుటిళ్లూ తగ్గి నందిగామ, జగ్గయ్యపేటల్లో ఎటు చూసినా డాబాలే కావడం కొత్త. పగలంతా ఎండ తాగిన స్లాబు పొద్దుగూకాక ఆ వేడిని ఇంట్లోకి కక్కుతుంది. రాత్రి పదింటికి ఫ్యాను తిప్పేది ఆ వేడినే.

జగ్గయ్యపేట చుట్టూ ఉన్నది సున్నపురాయి నేల. జయంతిపురం, ముక్త్యాలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. అదే రాయి సిమెంటై స్లాబుగా మారితే ఇల్లు కాగుతుంది, సున్నమై స్లాబు మీదికెక్కితే చల్లబడుతుంది. ఒక కంట వెన్న, ఒక కంట సున్నం అంటారు. మన ఇళ్లలో పండగలకు గోడలకు వెల్ల దక్కింది గానీ డాబాకు ఆ సున్నం కూడా దక్కలేదు. ఎండంతా మోసేది మాత్రం డాబానే.

బూడిదరంగు స్లాబు తన మీద పడ్డ ఎండలో దాదాపు మూడింట రెండు వంతులు లోపలికి పీల్చుకుంటుంది. తాజా వెల్ల ముప్పావు వంతు దాకా తిప్పి పంపేస్తుంది. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల కలిసి ఆఫీసు భవనాల కప్పులకు తెల్ల పూత వేయించి కొలిస్తే, వట్టి కాంక్రీటు కప్పుతో పోలిస్తే చల్లదనానికి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. అదే నగరంలో 2017లో 25 పేద ఇళ్ల మీద తెల్ల పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. తెలంగాణ 2023లో చల్లని కప్పుల కోసం విధానమే తెచ్చింది. మనకు కావలసినవి సున్నం, కుంచె, రెండు సాయంత్రాలు.

పని ఉగాదికి ముందే ముగించాలి. ముందు డాబా ఊడ్చి, పాకుడూ ఎండిన నాచూ ఇనుప బ్రష్షుతో గీకి, నీళ్లు పోసి కడగాలి. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే కనిపెట్టాలి. తూములో ఆకులుంటే తీసేయాలి. బీటలుంటే సిమెంటు పాలు పోసి ఊరుకోకండి. బీటను కాస్త వెడల్పు చేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో పూడ్చి రెండు మూడు రోజులు తడపాలి. కారే స్లాబు మీద ఎంత తెల్లగా పూసినా దండగే.

అసలు పని సున్నం విరగబెట్టడం. పొడి సున్నం సంచి తెచ్చుకుంటే సులువే, కానీ నా ఓటు రాళ్ల సున్నానికే. కిలో రాళ్లకు ఐదు లీటర్ల నీళ్లు లెక్క. ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు, ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. తారుమారు చేస్తే ముఖం మీదికే చిందుతుంది. నీళ్లు కుతకుత ఉడుకుతాయి, పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వొద్దు. ఒక రోజంతా అలా వదిలేసి, మర్నాడు పల్చటి గుడ్డలో వడగట్టాలి. చిక్కటి మజ్జిగలా ఉండాలి. పట్టు కోసం వెనుక గంజి, తుమ్మజిగురు కలిపేవారు. ఇప్పుడు ఫెవికాల్ లాంటి జిగురు కలుపుతున్నారు. చేతులకూ కాళ్లకూ కొబ్బరినూనె, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

పూసే వేళ ముఖ్యం. ఎర్రటి ఎండలో పూస్తే తడి ఆరిపోయి సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును తడిలో పీల్చుకుంటేనే అది మళ్లీ రాయి అవుతుంది. అందుకే ఎండ వాలాక స్లాబు మీద నీళ్లు చల్లి, తడి మెరుపు పోగానే మొదలుపెట్టాలి. మెట్లకు ఎదురు మూల నుంచి వెనక్కి నడుస్తూ రావాలి, లేదంటే మూలలో ఇరుక్కుంటారు. మొదటి పూత నిలువుగా, మర్నాడు రెండోది అడ్డంగా. తడి సున్నం పారదర్శకంగా ఉండి ఏమీ పూయనట్టే కనిపిస్తుంది. కంగారుపడి మందంగా పూస్తే పెచ్చులూడుతుంది. పిట్టగోడ లోపలి వైపూ మరిచిపోకండి.

రేకుల ఇళ్ల సంగతి వేరు. ఆస్బెస్టాస్ రేకును పొడిగా గీకితే ఊపిరితిత్తులకు చేటు చేసే నార లేస్తుంది. తడిపి మెత్తగా కడగాలి, పలకలు వేసి వాటి మీదే నడవాలి. దానికి సున్నం కంటే బయట గోడలకు వేసే తెల్ల అక్రిలిక్ పూత నిలుస్తుంది. తళతళలాడే జింకు రేకు చల్లగా ఉంటుందనుకుంటారు. అది ఎండను కొంత తిప్పికొట్టినా, ఎక్కిన వేడిని ఆకాశంలోకి వదలడంలో పిసినారి. దానికీ తెల్ల రంగు కావాలి.

మధ్యాహ్నం రెండింటికి డాబా ఎక్కి, పూసిన చోట ఒక కాలు, పూయని పక్క డాబా మీద ఒక కాలు పెడితే తేడా చెప్పడానికి థర్మామీటరు అక్కర్లేదు. ఒక్క ఇంటి వెల్లతో ఊరు చల్లబడదు. వీధి వీధంతా వేస్తే ఆ గాలిలోనే తేడా రావాలి. దుమ్ము పడ్డకొద్దీ తెలుపు మాస్తుంది, వానలకు కొంత కొట్టుకుపోతుంది. కాబట్టి ఏటా మాఘంలో ఊడ్చి కడిగి మరో పూత వేయాలి. వానకాలం డాబా నీళ్లు పట్టుకునేవాళ్లు మొదటి రెండు మూడు వానలు వదిలేయడం మేలు. వడియాలు పెట్టేవాళ్లు పాత చీర కాస్త మందంగా మడిచి పరుచుకోవాలి, సున్నం అంటుతుంది. పైగా కింద వేడి తక్కువ కాబట్టి అవి ఎండడానికి ఇంకో పూట పడుతుంది.