దసరాకే రా, బుజ్జీ

జగదల్‌పూర్



అల్లుడూ నువ్వూ ఒక రాత్రి ఇక్కడుండి, చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలు చూసి వెళ్లిపోతామని రాశావు. అలా రావద్దు. జలపాతాలు ఎప్పుడొచ్చినా ఉంటాయి. నా మాట విని దసరాకి రండి, రెండు వారాలు సెలవు పెట్టుకుని.

బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజుల పండగ. శ్రావణ మాసం ముందు అమావాస్యకి రథం కోసం కొయ్య తెచ్చి పూజ చేయడంతో మొదలవుతుంది. ఇక్కడ రాముడి ఊసు ఉండదు, రావణుణ్ణి తగలబెట్టరు. అంతా దంతేశ్వరీ దేవిదే. నవరాత్రుల ముందు అమావాస్య సాయంత్రానికల్లా ఊళ్లో ఉండేలా చూసుకో. మిర్గాన్ కులపు చిన్నపిల్ల మీదికి కాఛన్ దేవి వస్తుంది. ఆ పిల్లని ముళ్ల ఉయ్యాల మీద పడుకోబెడతారు. రాజవంశీకుడు వచ్చి పండగ జరుపుకోవడానికి ఆమెని అనుమతి అడగాలి, ఆమె ఇవ్వాలి. ఇన్నేళ్లుగా చూస్తున్నా, ఆ క్షణంలో నా ఒళ్లు జలదరిస్తుంది. మర్నాటి నుంచి సిర్‌హాసార్ భవనంలో గోతిలో ఒక హల్బా యువకుడు తొమ్మిది రోజులు ఉపవాసంతో కూర్చుంటాడు, పండగ నిర్విఘ్నంగా సాగాలని. విజయదశమి రాత్రి ఎనిమిది చక్రాల రథాన్ని ఆదివాసులు దొంగిలించి కుమ్డాకోట్‌కి లాక్కుపోతారు. రాజు మర్నాడు అక్కడికెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపు అన్నం తిన్నాకే రథం తిరిగొస్తుంది. ఏలేవాడు ఏలబడేవాళ్ల దగ్గరికి వెళ్లి పంక్తిలో కూర్చోవడం నీ కళ్లతో చూడాలని నా కోరిక.

ఈ రాజులు మనకి పరాయివాళ్లు కారు. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజ్యం నిలబెట్టాడని ఈ వంశం చెప్పుకుంటుంది. వెనక్కి తిరిగి చూడకుండా నడిస్తే వెంట వస్తానని దేవి మాటిచ్చిందట. శంఖిని, డంకిని నదులు కలిసే చోట ఇసుకలో ఆమె అందెల చప్పుడు ఆగింది, అతను తిరిగి చూశాడు, దేవి అక్కడే నిలిచిపోయింది. అదే దంతెవాడ గుడి. మగవాళ్లు ప్యాంటుతో లోపలికి వెళ్లకూడదు, అల్లుడికి పంచె పెట్టుకో. దారిలో బార్సూరు దిగండి. అన్నమదేవుడి కంటే ముందు ఏలిన నాగవంశీయుల గుళ్లున్నాయి. ముప్ఫై రెండు స్తంభాల బత్తీసా గుడి, జంట గణపతులు తప్పక చూడండి. పదకొండో శతాబ్దపు తెలుగు శాసనం కూడా ఆ ఊళ్లో దొరికింది.

జగదల్‌పూర్‌లో రాజమహల్ ముందు కాసేపు నిలబడు. 1966 మార్చి 25న ఆ ఆవరణలోనే పోలీసు కాల్పుల్లో బస్తర్ మాజీ మహారాజు ప్రవీర్ చంద్ర భంజ్‌దేవ్, ఆయనతో పాటు ఆదివాసులూ చనిపోయారు. ఆయన ఫొటో ఇప్పటికీ చాలా ఇళ్లలో దేవుడి పటాల పక్కన ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా బస్తర్ చూశానంటే నేను ఒప్పుకోను.

చిత్రకోట్ నలభై కిలోమీటర్లు. ఇంద్రావతి గుర్రపు నాడాలా వంపు తిరిగి దాదాపు తొంభై అయిదు అడుగులు దూకుతుంది. దసరా నాటికి నీళ్లు నిండుగా ఉంటాయి, కాస్త ఎర్రగానే. దీన్ని భారత నయాగరా అంటుంటారు. నాకా మాట గిట్టదు. ఈ నీళ్లు బీజాపూర్ జిల్లా చివర గోదావరిలో కలిసి మన భద్రాచలం మీదుగానే రాజమండ్రి వస్తాయి, ఆ గొప్ప చాలదూ? తీరథ్‌గఢ్ మెట్లు మెట్లుగా జారుతుంది, అక్కడ చెప్పులు జాగ్రత్త. కాంగేర్ లోయలోని కుటుంసర్ గుహ వానాకాలంలో మూసేస్తారు, అప్పటికి తెరవకపోవచ్చు. దానికోసం చలికాలంలో మళ్లీ రండి.

సంతకి నేనే తీసుకెళ్తాను. చింతపండు, ఇప్పపువ్వు, ఎర్రచీమల చట్నీ, అన్నీ ఉంటాయి. సల్ఫీ అంటే మన జీలుగు కల్లే, పొద్దున్నే దించినది తియ్యగా ఉంటుంది. ఒక్కటే గట్టిగా చెబుతున్నా: అమ్మకానికి కూర్చున్న ఆడవాళ్ల ముఖాల మీదికి ఫోన్ ఎత్తకు. ముందు ఏదైనా కొను, మాట కలుపు, అడుగు, వద్దంటే ఊరుకో. వాళ్ల పచ్చబొట్లూ నగలూ ప్రదర్శనకి పెట్టినవి కావు. ధోక్రా బొమ్మ కావాలంటే కొండగావ్‌లో చేసేవాళ్ల దగ్గరే కొను, బేరం మరీ బిగించకు. ప్రతి బొమ్మకీ మైనంతో కొత్తగా రూపం కట్టి, మట్టి పూసి, మైనం కరిగించి లోహం పోస్తారు. ఆ మట్టి అచ్చు పగలగొట్టాకే బొమ్మ బయటికొస్తుంది.

విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కు, కారు వద్దు. బైలాడీలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపేందుకు 1960ల్లో వేసిన లైను అది. అరకు సొరంగాలు, కోరాపుట్ కొండలు పగలు చూస్తూ సాయంత్రానికి చేరతారు. వానలకి కొండచరియలు పడితే రైలు ఆపేస్తారు, బయల్దేరే ముందు రోజు ఒకసారి కనుక్కో. పండగకి గదులు దొరకవు, మా ఇంట్లోనే ఉండాలి. అమావాస్య ఏ రోజు పడిందో పంచాంగం చూసి, టిక్కెట్లు తీసుకోగానే ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ